ఎండ, చర్మం, మనం: ఆరోగ్య ఉపసంఘం వార్షిక నివేదిక (మెల్‌బోర్న్, 2024–25)

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

చర్మ క్యాన్సర్ మీద అవగాహన కార్యక్రమాలు చేపట్టాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించినప్పుడు వెనక వరుసలోంచి ఒకరు అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది: "అది తెల్లవాళ్ల జబ్బు కదండీ, మనకెందుకు?" ఈ ఏడాది మా పనంతా దాదాపు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అందులో సగం నిజముంది. ఆస్ట్రేలియాలో కనీసం ముగ్గురిలో ఇద్దరికి డెబ్బై ఏళ్లు నిండేలోపు ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ బయటపడుతుంది. అందులో మన ఛాయ వాళ్ల వాటా చాలా తక్కువ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనల్ని బాగానే కాపాడుతోంది. అయితే మనకు వచ్చినప్పుడు ఆలస్యంగా తెలుస్తుంది. మనకు రాదన్న ధీమాతో మనం వెతకం, చూసేవారికీ వెంటనే అనుమానం రాదు. పైగా ముదురు చర్మం వాళ్లలో మెలనోమా, అంటే చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన రకం, ఎండతో పెద్దగా సంబంధం లేని చోట్ల, అంటే అరికాలిలో, అరచేతిలో, గోటి కింద కనిపించడం ఎక్కువ. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే ఆయన పోయారు.

అందుకే మొదటి కార్యక్రమాన్ని జులైలో ఆషాఢం గోరింటాకు వేడుకతో కలిపాం. గోరింటాకు పండితే గోళ్ల మీద ఆ రంగు నెలల తరబడి ఉంటుంది, కింద ఏముందో కనిపించదు. కాబట్టి పెట్టుకునే ముందే గోళ్లు, అరచేతులు, అరికాళ్లు చూసుకోమన్నాం. మన సభ్యుల్లోని వైద్యులు దగ్గరుండి వివరించారు. చాలా వేళ్ల గోళ్ల మీద సన్నని ముదురు గీతలు ఉండటం మనలో మామూలే. ఒక్క గోటి మీదే కొత్తగా గీత వచ్చి, వెడల్పవుతూ, గోటి మొదట్లోని చర్మానికీ రంగు పాకుతుంటే జీపీకి, అంటే కుటుంబ వైద్యుడికి, చూపించుకోవాలి. మానని పుండును, పాత కాలిన మచ్చ మీద లేచిన గడ్డను కూడా అశ్రద్ధ చేయకూడదు. చీర కట్టుకునేవాళ్ల నడుము మీద లంగా బొందు ఏళ్ల తరబడి ఒరుసుకున్న చోట క్యాన్సర్ రావడం అరుదే అయినా భారతీయ వైద్యులకు తెలిసిన విషయమే. ఈ మాట చెప్పగానే పెద్దవాళ్లు బొందులు వదులు చేసుకోవడం చూసి అందరం నవ్వుకున్నాం. ఆ రోజు బాగా గుర్తున్న పాఠం మాత్రం అదేనట!

సంక్రాంతి గాలిపటాల సమయం మార్చడం మీద కార్యవర్గంలో గట్టి వాదనే జరిగింది. ఇక్కడ జనవరి అంటే నడి వేసవి. గడియారం గంట ముందుకు జరిగి ఉంటుంది కాబట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. ఏటా సరిగ్గా ఆ వేళకే పిల్లలు మైదానంలో తల పైకెత్తి నిలబడుతున్నారు. అప్పుడు అతినీలలోహిత కిరణాల సూచీ, అంటే యూవీ, 10 దాటడం మామూలు. 3కి చేరితేనే రక్షణ అవసరమని ఇక్కడి ఆరోగ్య సంస్థల మాట. చివరికి గాలిపటాలను సాయంత్రం నాలుగున్నరకు జరిపాం. అప్పటికీ యూవీ 3 పైనే ఉంటుంది కనుక అంచు వెడల్పుగా ఉన్న టోపీలు తెచ్చుకోమన్నాం. చల్లగా మబ్బు పట్టి ఉంటే భయం లేదనుకునేవారు మనలో ఎక్కువ. యూవీకీ వేడికీ సంబంధం లేదు. రాజమండ్రిలో రోహిణి కార్తె ఎండను ఒంటితో కొలిచిన అలవాటు ఇక్కడ పనిచేయదు, ఫోనులో యూవీ చూపించే సన్‌స్మార్ట్ యాప్ చూసుకోవలసిందే.

పిల్లల విషయంలో మేం చెప్పింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. టోపీ లేకపోతే ఆట లేదన్న నియమం ఇక్కడి బడుల్లో ఎప్పటినుంచో ఉంది. 1981 నాటి ప్రచారంలో చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అంటూ పాడిన సిడ్ అనే సీగల్ పక్షి గురించి తెలుగు బడి పిల్లలే మాకు చెప్పారు. నీడలో నిలబడటం, చలువ కళ్లద్దాలు పెట్టుకోవడం ఆ జాబితాలో తరువాత చేరాయి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం పెట్టిన సమావేశంలో వ్యవహారం తలకిందులైంది. వాళ్లకు ఎండ ఎక్కువై కాదు, తక్కువై ఇబ్బంది. ముదురు చర్మం వాళ్లకు విటమిన్ డి కొరత ముప్పు ఎక్కువని, అందరికీ ఒకే సలహా కుదరదని ఆస్ట్రేలియా నిపుణులు 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూసిన కిటికీ పక్కన ఎండలో కూర్చుంటే విటమిన్ డి రాదు, దాన్ని తయారుచేసే యూవీబీ రకం కిరణాలను అద్దం ఆపేస్తుంది. యూవీఏ అనే మరో రకం మాత్రం కారు పక్క అద్దంలోంచి కొంత వస్తుంది కాబట్టి రోజంతా టాక్సీ నడిపే సభ్యులు పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మేలు. మెల్‌బోర్న్‌లో మే నుంచి ఆగస్టు మధ్య వరకు యూవీ సాధారణంగా 3 లోపే కనుక మధ్యాహ్నం హాయిగా బయట నడవవచ్చు. మనవళ్లకు నూనె రాసి ఎండలో పడుకోబెట్టే అలవాటు మాత్రం వేసవిలో వద్దన్నాం. ఏడాది లోపు పిల్లలకు యూవీ 3కి చేరినప్పుడు నేరుగా ఎండ తగలకూడదు. ఒక బామ్మగారు చివరిదాకా ఒప్పుకోలేదు.

సన్‌స్క్రీన్ రాస్తే తెల్లబడతామా అన్న ప్రశ్న ప్రతి చోటా వచ్చింది. తెలుపు మోజు మన ఇళ్లలో ఇంకా పోలేదని ఒప్పుకోక తప్పదు. ఈ కార్యక్రమానికి సౌందర్య సాధనాల ప్రకటనలు వద్దని కార్యవర్గం తీసుకున్న నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. జూన్‌లో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ పరీక్షించిన 20 సన్‌స్క్రీన్లలో 16 తమ సీసా మీది రక్షణ సంఖ్యను (ఎస్‌పీఎఫ్) అందుకోలేదన్న వార్త వచ్చాక చాలామంది ఫోన్ చేశారు. మా జవాబు ఒకటే: బట్ట, టోపీ, నీడ ముందు, వాటితో కప్పలేని చోట మాత్రమే క్రీము, అదీ బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు ధారాళంగా రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. ఎక్కువ భాగం పందిరి అద్దెకే పోయింది. వచ్చే ఏడాది మైదానంలో శాశ్వత నీడ కోసం స్థానిక కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాలని, క్రికెట్ జట్టు ఆటలను ఉదయానికి మార్చాలని ప్రతిపాదిస్తున్నాం. రెండో ప్రతిపాదనను జట్టు ఇప్పటికే వ్యతిరేకించింది. చర్చ సమావేశంలో.

ఇట్లు,
ఆరోగ్య ఉపసంఘం కార్యదర్శి