మదనపల్లె గీతమే కాదు, ఆయన గీతలూ చూపించండి

సంపాదకుడి గారికి,

ఫిబ్రవరి 28 వస్తోందంటే మన ప్రాంతంలో రవీంద్రనాథ్ టాగూర్‌ను తలుచుకోవడం ఆనవాయితీ. 1919లో ఆ రోజున ఆయన మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ‘జనగణమన’ పాడారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసిపెట్టారు. ఇదంతా పిల్లలకు నోటికి వచ్చు. అయితే దండ వేసిన ఫొటో పక్కన ఆయన వేసిన బొమ్మలు కూడా ఫ్లెక్సీల మీద కడితే వచ్చే చిక్కుల గురించి, తిరుపతి, చిత్తూరుల్లో కార్యక్రమాలు పెట్టేవారి కోసం ఈ లేఖ.

‘పారిస్ వెళ్లి చిత్రకళ నేర్చుకున్న కవి’ అని కింద రాస్తుంటారు. తప్పు. ఆయన ఏ చిత్రకళాశాలలోనూ చదవలేదు. పైదేశాలు ఆయనకు ఇచ్చింది వేరు. 1916లో జపాన్ వెళ్లి చిత్రకారుడు యొకొయామా తైకాన్ ఇంట్లో, తర్వాత యొకొహామాలో పట్టు వ్యాపారి హరా తోమితారో తోటలో ఉన్నారు. అక్కడి పెద్ద పెద్ద తెరల మీది చిత్రాలు చూశాక కలకత్తాలో తమవాళ్లు వేస్తున్న చిన్న బొమ్మలు ఆయనకు ఆనలేదు. అరాయ్ కంపో అనే చిత్రకారుణ్ణి కలకత్తాలోని తమ జోరాసాంకో ఇంటికి పంపించారు. ఇక చైనా, జపాన్‌లలో జనం విసనకర్రలూ పట్టుగుడ్డలూ పట్టుకొచ్చి ఏదైనా రాసిమ్మనేవారు. అలా మొదలైన రెండు మూడు పాదాల కవితలే ‘లేఖన్’ పుస్తకం. దాన్ని అక్షరాలు పేర్చి అచ్చువేయలేదు. జర్మనీలో అల్యూమినియం రేకుల మీద ఆయన చేత్తో రాస్తే, ఆ రాతను రాసినట్టే అచ్చు తీశారు. చేతిరాతే బొమ్మగా నిలిచిన పుస్తకమది. ఆయన బొమ్మలతో ప్రదర్శన పెడితే మొదటి గోడ దానికే ఇవ్వాలని మా అభిప్రాయం.

రెండో గోడ 1924ది. పెరూ బయలుదేరి, ఓడలో జబ్బుపడి, నవంబరులో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో దిగిపోయారు. అక్కడి రచయిత్రి విక్తోరియా ఒకాంపో ఆయన్ను సాన్ ఇసిద్రోలో నది కనిపించే ఇంట్లో దాదాపు రెండు నెలలు ఉంచి చూసుకున్నారు. 1925లో వచ్చిన ‘పూరబి’ కవితాసంపుటి అంకితంలో ఉన్న ‘విజయ’ ఆవిడే. ఆ కవితల నోటుపుస్తకంలో కొట్టివేతలను చూసి ఆశ్చర్యపోయిందీ ఆవిడే. ఆయన పద్ధతి ఇది: కొట్టేసిన మాటను గీత పెట్టి వదిలేయరు. చుట్టూ గీత తిప్పి, కింది వరుసలో కొట్టేసిన మరో మాట దాకా లాగి, మధ్య ఖాళీని నల్లగా నింపుతారు. ఎక్కడో ఒక ముక్కు పొడుచుకొస్తుంది, ఒక రెక్క విచ్చుకుంటుంది. కవిత మిగిలిన పాదాలు ఆ జంతువు పక్కనుంచి నడిచిపోతుంటాయి. విడి కాగితాల మీద జోరుగా వేయడం 1928 ప్రాంతం నుంచి. 1930 మే 2న పారిస్ పిగాల్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టించిందీ ఒకాంపోనే. అది నడుస్తుండగానే ఆయనకు 69 ఏళ్లు నిండాయి. ఆ ఏడాదే బెర్లిన్, మాస్కో, న్యూయార్క్ చూశాయి. మన దేశం ఆ తర్వాత చూసింది.

‘శోకమూర్తి’, ‘నిరీక్షణ’ అని మన సొంత పేర్లు తగిలించకూడదు. చాలా బొమ్మలకు ఆయన కావాలనే పేరు పెట్టలేదు. ‘పేరు లేదు, రంగుసిరా, కాగితం’ అని రాసి, అసలు బొమ్మ ఎక్కడుందో చెబితే చాలు. బొమ్మ మీద ఆయన తేదీ వేసి ఉంటేనే సంవత్సరం రాయాలి.

ఫ్లెక్సీ ఎందుకు వద్దంటే, ఇవి సీసా సిరాలతో వేసిన బొమ్మలు. కలం పాళీ, పాళీ వెనక భాగం, గుడ్డపీలిక, వేలు, ఇవే పనిముట్లు. ముదురు గోధుమ నలుపులోంచి కాగితపు తెలుపు దీపంలా బయటికి వస్తుంది. ఫ్లెక్సీ మీద ఆ నలుపు బూడిదరంగుకు దిగిపోతుంది, మెరుపు వల్ల ముఖం కనబడదు. మెరవని మందపాటి కాగితం, 200 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), తీసుకోవాలి. ఏ3 సైజుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,508 × 4,961 పిక్సెళ్లు కావాలి. 1,600 పిక్సెళ్ల పొడవున్న బొమ్మ అయిదంగుళాలు దాటితే గీత పలచబడి చెదిరిపోతుంది. మామూలుగా చెడేది ఇక్కడే, ప్రింటింగ్ షాపులో కాదు.

అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ చట్రంలా కత్తిరించిన మందపు అట్ట) ఉండాలి. లేకపోతే మన నవంబరు ముసుర్లకు కాగితం అద్దాన్ని అంటుకుపోతుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అతికిస్తే గోడ చెమ్మ ఎక్కదు. బొమ్మ నడిమి భాగం నేలకు 145 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, బడిపిల్లలకైతే 120. పడమటి కిటికీ ఎదురుగోడ వద్దే వద్దు.

డబ్బు సంగతి. ఆయన రచనలపై హక్కులు 1991తో తీరాల్సింది. గడువును 50 ఏళ్ల నుంచి 60కి పెంచడంతో 2001 చివరిదాకా సాగి తీరిపోయాయి. కాబట్టి బెంగాలీ కవితను వేసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. దాని తెలుగు అనువాదానికి మాత్రం అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. బొమ్మల ఫొటోలకు, ఆయన బొమ్మలు దాచిన విశ్వభారతి రవీంద్రభవన్‌కు ముందుగానే రాయాలి. ఆయన బొమ్మల పుస్తకం, నాలుగు సంపుటాల ‘రవీంద్ర చిత్రావళి’ని జిల్లా గ్రంథాలయాలు కొంటే ఏ బొమ్మలు ఎంచుకోవాలో అందులోనే తేలుతుంది. ఇరవై చాలు.

ఆ హాల్లోనే ఒక మూల శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని కూర్చోబెట్టమని మనవి. వాళ్లదీ కలమే. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద కసిమి అనే నల్ల సిరా ఎందుకు పాకదో, ఉత్త గుడ్డ మీద ఎందుకు పాకుతుందో కళ్లముందు చూసిన పిల్లవాడికి, కాగితం మీద సిరాను రవీంద్రుడు ఎలా ఆపాడో, ఎక్కడ ఆపకుండా వదిలాడో తెలుస్తుంది. పిల్లలకు రంగుపెన్సిళ్లు పంచొద్దు. తప్పులున్న పాత నోటుపుస్తకం తెచ్చుకోమంటే చాలు, కొట్టివేతలు అందులోనే ఉంటాయి.

ఇట్లు,
కొందరు చిత్రకళాభిమానులు,
తిరుపతి