స్ట్రైకర్‌ను గోల్స్‌తోనే కొలవకండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

అయ్యా,

మహిళల ఫుట్‌బాల్ వార్తలు మీ క్రీడా పేజీలో వస్తున్నందుకు సంతోషం. అయితే గోల్ ఎవరు కొట్టారు, ఎన్నో నిమిషంలో కొట్టారు అన్నది దాటి వాటిలో ఇంకేమీ ఉండడం లేదు. గోల్ కొట్టని స్ట్రైకర్‌ను, అంటే జట్టు ముందు వరుసలో ఆడే క్రీడాకారిణిని, ‘విఫలమైంది’ అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయమని హనుమకొండలో కలిసి మ్యాచ్‌లు చూసే మావంటి అభిమానుల అభిప్రాయం.

2025 జూలైలో స్విట్జర్లాండ్‌లో యూరప్ దేశాల మహిళల యూరో టోర్నీ జరిగినప్పుడు మా మధ్య పెద్ద వాదమే నడిచింది. క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో, సెమీఫైనల్లో ఇటలీ చేతిలో ఇంగ్లండ్ ఓడిపోతుందనుకున్న సమయాన, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పందొమ్మిదేళ్ల మిషెల్ అగ్యెమాంగ్ రెండుసార్లూ గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. ఇక ఇంగ్లండ్ ప్రధాన స్ట్రైకర్ అలెసియా రూసోను కూర్చోబెట్టి ఈ అమ్మాయినే మొదటి నుంచి ఆడించాలని సగం మంది పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. రూసో విలువ తెలియాలంటే బంతి ఆమె దగ్గర లేనప్పుడు చూడాలి. ప్రత్యర్థి డిఫెండర్‌కు బంతి అందగానే మీదికి పోయి పాస్ దారి మూసేస్తుంది. తమ వైపు నుంచి పొడవుగా వచ్చిన బంతిని, వెనక నుంచి డిఫెండర్ నెడుతున్నా కాలి కింద ఆపుకొని, మైదానం అంచున పరుగున వచ్చే వింగర్‌కు అందిస్తుంది. గంటసేపు ఇట్లా వెంటపడితే డిఫెన్స్ మధ్యలో ఆడే ఎంతటి సెంటర్ బ్యాక్‌లైనా అలసిపోతారు, ఆ తర్వాత దిగే కొత్త స్ట్రైకర్‌కు ఖాళీ దొరుకుతుంది. 2022 యూరోలో ఇంగ్లండ్ స్ట్రైకర్‌గా ఎలెన్ వైట్ మొదలుపెట్టిన మ్యాచ్‌లలో ఇదే రూసో తర్వాత దిగి నాలుగు గోల్స్ కొట్టిందని గుర్తు చేసుకుంటే, ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది కోచ్ సరీనా వీగ్‌మన్ ఎంత ఆలోచించి నిర్ణయిస్తారో అర్థమవుతుంది. బాసెల్‌లో జరిగిన ఫైనల్లో స్పెయిన్ ఆధిక్యంలో ఉండగా 57వ నిమిషంలో క్లోయీ కెల్లీ పక్క నుంచి పంపిన క్రాస్‌ను తలతో గోల్‌లోకి పంపింది కూడా రూసోనే.

2023 ప్రపంచకప్‌లో జపాన్ స్పెయిన్‌ను 4-0తో ఓడించిన మ్యాచ్ ఇంకొక పాఠం. నాలుగింట మూడు వంతులకు పైగా బంతి స్పెయిన్ కాళ్ల దగ్గరే ఉన్నది. జపాన్ వెనక బారులు తీరి ఓపిక పట్టి, బంతి చిక్కిన క్షణంలో స్పెయిన్ డిఫెన్స్ వెనక ఉన్న ఖాళీలోకి దూసుకుపోయింది. ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టి, చివరికి ఐదు గోల్స్‌తో, టోర్నీలో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ అందుకున్న హినాటా మియాజావా అసలు స్ట్రైకర్ కాదు, మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్. స్కోరు మాత్రమే వేస్తే ఈ వ్యూహం పాఠకుడికి ఎట్లా తెలుస్తుంది?

ఇది అభిమానుల ముచ్చటగా మిగిలిపోయే విషయం కాదు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2024-25కు దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైన తర్వాత మన వైపు ఆడపిల్లలకు ఈ ఆటపై ఆశ పుట్టింది. కానీ పాఠశాల పోటీల్లో నేను చూస్తున్నదేమిటంటే, స్ట్రైకర్‌గా దిగిన పిల్లను ప్రత్యర్థి గోల్ ముందు నిలబెట్టి, బంతి వచ్చేదాకా కదలవద్దని చెబుతున్నారు. తాను పక్కకు జరిగి డిఫెండర్‌ను వెంట లాక్కుపోయి, తోటి పిల్లకు దారి చేసిన అమ్మాయిని మెచ్చుకునేవారు ఉండరు. మరుసటి రోజు పేపర్లో పేరూ ఉండదు.

యూరో ఫైనల్ మన కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై పెనాల్టీలదాకా సాగింది కనుక, తెల్లారేసరికి విశ్లేషణ వేయాలని కోరడం న్యాయం కాదు. రెండో రోజైనా అర కాలమ్ స్థలమిచ్చి, మైదానం బొమ్మ గీసి, స్ట్రైకర్ ఎటు నుంచి ఎటు కదిలిందో మన జిల్లాల మాజీ క్రీడాకారిణులతో, పీఈటీలతో రాయించండి. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి మన జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడు రెండు గోల్స్‌నూ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్ కొట్టింది. ఆ సమయంలో మన ఫార్వర్డ్‌లు ఎక్కడెక్కడ ఉన్నారన్న దానితోనే ఈ శీర్షిక మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ