ఇంటి నుంచి అమ్మకాలు: రాబడి సరుకు మీదనా, చేరికల మీదనా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నుంచే పని, పెట్టుబడి అక్కర్లేదు, గృహిణులకు మంచి అవకాశం అంటూ, ఒక ఫోన్ నంబరు తప్ప మరే వివరమూ లేని చిన్న ప్రకటనలు కొంతకాలంగా జిల్లా పేజీల్లో తరచు కనిపిస్తున్నాయి. కాలనీల వాట్సాప్ గ్రూపుల్లోనూ, గోడల మీదా ఇవే మాటలు తిరుగుతున్నాయి. కర్నూలు కల్లూరులో మా ఇంటి నుంచే ఒక సంస్థ తయారుచేసే వంటింటి డబ్బాలను, ఇల్లు శుభ్రం చేసే ద్రావకాలను కొన్నేళ్లుగా నేరుగా ఇళ్లకు అమ్ముతున్నదాన్ని కాబట్టి, ఈ పనిని చిన్నచూపు చూడడానికి గానీ, చేస్తున్న ఆడవాళ్లను వెనక్కి లాగడానికి గానీ నేను ఈ ఉత్తరం రాయడం లేదు. డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా అమ్మడం) అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయనీ, ఒకదానిలో రాబడి సరుకు వాడుకునే మనిషి ఇచ్చిన డబ్బు నుంచి వస్తే రెండోదానిలో కొత్తగా చేరిన మనిషి కట్టిన డబ్బు నుంచి వస్తుందనీ, ప్రకటన అచ్చు వేసేముందు పత్రికలు ఈ తేడాను అడిగి తెలుసుకోవాలనీ చెప్పడానికే రాస్తున్నాను.

ముందుగా మొదటి రకం సంగతి. డబ్బా మీద ముద్రించిన ధర రూ.1,000 ఉన్న వస్తువు అమ్మేవాళ్లకు రూ.800కు పడుతుందనుకుందాం. పూర్తి ధరకు అమ్మితే రూ.200 మిగులుతుంది. నెలకు రూ.10,000 మిగలాలంటే రూ.50,000 విలువైన సరుకు అమ్ముడు కావాలి. ఒక్కో ఇల్లు నెలకు రూ.500 సరుకు తీసుకుంటుందనుకుంటే అలాంటి ఇళ్లు 100 ఉండాలి. నూరు ఇళ్లను నెలనెలా నిలబెట్టుకోవడం ఎంత పనో కిరాణా కొట్టు నడిపినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పైగా మిగిలిన పదివేలూ చేతికి రావు. స్కూటీ పెట్రోలు, ఫోన్ రీచార్జి, చూపించడానికి విప్పిన సీసాలు, మూత సరిగా పట్టడం లేదని తిరిగొచ్చిన డబ్బాలు, ఇవన్నీ అందులోంచే పోవాలి. సంస్థ విడిగా ఇచ్చే కమిషను మొత్తం ఏడాదిలో ఒక పరిమితి దాటితే పన్ను కోసి ఇస్తారు; 2024 అక్టోబరు నుంచి ఆ కోత 2 శాతమే అయినా, పాన్ నంబరు ఇవ్వనివాళ్లకు 20 శాతం పోతుంది. చేరేటప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు.

అసలు చిక్కు ఉద్దర దగ్గర ఉంది. మేము డబ్బు ముందుగా కడితే గానీ సంస్థ నుంచి సరుకు కదలదు. కొనేవాళ్లేమో సరుకు ఇప్పుడే ఇచ్చి డబ్బు ఒకటో తారీఖు తర్వాత తీసుకోమంటారు. ఉద్దర ఇవ్వకపోతే బేరం పోతుంది, ఇస్తే వచ్చే నెల సరుకుకు కట్టవలసిన డబ్బు పదిళ్లలో ఇరుక్కుంటుంది. ఉద్యోగులుండే కాలనీల్లో వసూళ్లు నెల మొదటి వారంలోనే సాగుతాయి. ఆదోని, పత్తికొండ వైపు పల్లెల్లోనైతే పత్తి, వేరుశనగ అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా ఎవరినీ గట్టిగా అడగడానికి లేదు, వాన మొహం చాటేసిన ఏడాది అడగడమే తప్పవుతుంది. తీరిక వేళల్లో చేసుకోవచ్చని ప్రకటనలో రాస్తారు గానీ, మా తీరికా కొనేవాళ్ల తీరికా ఒకే వేళకు రావు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మా ఊళ్లో తలుపు తట్టినా ఎవరూ తీయరు; సాయంత్రం అయిదు దాటాక బయలుదేరాలి, అది పిల్లలు తినడానికి ఏదైనా అడిగే వేళ. ఇక ముందుగది గోడౌను అయిపోవడం, బంధువులొస్తే పెట్టెలు మంచం కిందికి తోయడం ఇంట్లోవాళ్లకు అలవాటు కావలసిందే.

ఇంత ఉన్నా ఇది చేయదగిన పనే. చంటిపిల్లలనో మంచాన పడిన అత్తగారినో వదిలి దుకాణంలో పది గంటలు నిలబడి పనిచేయలేని మనిషికి, తన చేతి లెక్కతో తాను సంపాదించుకునే నాలుగు వేలూ ఆరు వేలూ చిన్నవి కావు. నా మటుకు నేను, సంస్థ సరుకు కంటే సొంత సరుకు అమ్ముకునేవాళ్లదే మెరుగైన స్థితి అనుకుంటాను. జొన్న రొట్టెలు కాల్చి ఇచ్చేవాళ్లు, కారప్పొడులు, శనగ ఉండలు చేసేవాళ్లు, ధర్మవరం మగ్గాల దగ్గర చీరలు తెచ్చి ఇంట్లో అమ్మేవాళ్లు ధర తామే నిర్ణయించుకుంటారు, పైన ఎవరికీ వాటా పంచరు, కింద ఎవరినీ చేర్చరు. తినే సరుకైతే ఆహార భద్రత నమోదు చేయించుకోవాలి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదుకు 2020 జూలై నుంచి ఆన్‌లైన్‌లో రుసుమేమీ లేదు. అయినా ఇటువంటివాళ్ల కోసం గోడల మీద ప్రకటనలు నేనెప్పుడూ చూడలేదు.

రెండో రకం పని ఎలా నడుస్తుందో ఏదో ఒక హోటల్ హాలులో ప్లాన్ చూపించే మీటింగుకు వెళ్లినవాళ్లకు తెలుసు. గంటసేపు కార్లు, డూప్లెక్స్ ఇళ్లు, విదేశీ యాత్రల ఫోటోలు తెర మీద వస్తాయి. సరుకు ఏమిటో, దాని ధర బజారు ధరతో ఎలా పోలుతుందో చివరి పది నిమిషాల్లో కూడా తేలదు. కిట్ కొని ఐడీ తీసుకోవాలి, ఎడమవైపు ఒకరిని, కుడివైపు ఒకరిని చేర్చాలి, వాళ్లూ చెరో ఇద్దరిని చేర్చాలి, అప్పుడు పాయింట్లు పడతాయి, పాయింట్లు పెరిగితే సిల్వర్, గోల్డ్, డైమండ్ అంటారు. వినడానికి ఇద్దరే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే, ఒక్కరితో మొదలై ప్రతి ఒక్కరూ ఇద్దరిని చేరుస్తూ పోతే ఆ ఒక్కరి కింద పద్దెనిమిదో వరుసలోనే 2,62,144 మంది ఉండాలి, పైవరుసలన్నీ కలిపితే మొత్తం 5,24,287 మంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు నగరపాలక సంస్థ పరిధిలో పసిపిల్లలతో సహా ఉన్నది 4,30,000 మంది పైచిలుకు. ఊరు మొత్తం చేరినా పద్దెనిమిదో వరుస నిండదన్నమాట. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ గొలుసు ఏ వరుస దగ్గర ఆగినా, చేరినవాళ్లలో సగానికి పైగా ఎప్పుడూ అట్టడుగు వరుసలోనే ఉంటారు, వాళ్ల కింద ఎవరూ ఉండరు. కష్టపడనివాళ్లే నష్టపోతారని మీటింగుల్లో చెప్పే మాటకు ఈ లెక్కలో చోటు లేదు. ఎంత కష్టపడినా ఆ సగం మంది ఉండి తీరవలసిందే.

ఆ వరుసలు నిండేది అపరిచితులతో కాదు. తోడికోడలు, ఆడబిడ్డ, పక్కింటి అక్క, పిల్లవాడి బడిలో టీచరమ్మ, వీళ్లందరినీ తెచ్చి కూర్చోబెట్టేది మొహమాటం. ముందు వందమంది తెలిసినవాళ్ల పేర్లు రాసుకోమని చెప్పే పద్ధతే అందుకు సాక్ష్యం. డబ్బాలు అమ్మే నాకూ మొహమాటం ఉపయోగపడకపోలేదు గానీ, నచ్చని డబ్బా కొన్న వదినకు పోయేది కొన్ని వందలు, అదీ డబ్బా ఇంట్లోనే ఉంటుంది. కిట్ కొనిపించి చేర్చిన వదినకు ఎవరూ దొరక్కపోతే పోయేది కట్టిన డబ్బు, దాంతోపాటు పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చునే చుట్టరికం. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పును ఇలాంటి కిట్లకు మళ్లించిన చోట మరీ ఇబ్బంది. ఆ కంతు కట్టలేనప్పుడు సంఘంలోని మిగతా ఆడవాళ్లు కూడా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. మనుషులను చేర్చడం మీద ఆధారపడి డబ్బు చేతులు మారే పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం నేరంగా ప్రకటించింది. నడిపినవాళ్లకే కాక సభ్యులుగా చేరి పాల్గొన్నవాళ్లకు కూడా అందులో మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉందని, వదినను చేర్చే ముందు ఎంతమందికి తెలుసు? 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, డైరెక్ట్ సెల్లింగ్ సంస్థ ఆమ్వే నడిపిన పథకం ఈ చట్టం పరిధిలోకే వస్తుందని తీర్పు చెప్పింది. 2014 మే నెలలో మన కర్నూలు పోలీసులే ఇక్కడ అందిన ఫిర్యాదు మీద గుర్గావ్ దాకా వెళ్లి ఆ సంస్థ భారతదేశ విభాగం అధిపతిని అరెస్టు చేసి తీసుకొచ్చారు. ఆ సంస్థ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఏమైనా దేశమంతా ఈ ఊరి పేరు ఆ కేసుతో విన్నది. అటువంటి ఊళ్లోనే మళ్లీ అవే మాటలతో గోడలు నిండుతున్నాయి.

నిజాయితీగా అమ్మేవాళ్లకు రక్షణ కూడా చట్టంలోనే ఉంది. చేరడానికి రుసుము తీసుకోరాదనీ, అమ్ముడుపోని సరుకును తగిన షరతులతో సంస్థ వెనక్కి తీసుకోవాలనీ కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2021 డిసెంబరు 28న వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పిరమిడ్ పథకాలు, అంటే కింద మనుషులను చేర్చుకుంటూ పోయే గొలుసులు, నిషిద్ధం. సంస్థకు దేశంలో ఒక కార్యాలయమైనా ఉండాలి, ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 పనిగంటల్లో తెలియజేయాలి. అమ్మే మనిషికీ సంస్థకూ ముందే రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి, అందులోంచి జరిమానా లేకుండా బయటపడడానికి కొంత గడువు ఉండాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి అడగకుండా మేము ఎవరి ఇంటికీ వెళ్లకూడదు. ఇంకెవరినైనా చేర్పిస్తే కొన్న ధర తిరిగి వచ్చేస్తుందని చెప్పి సరుకు అంటగట్టకూడదు. ఈ చివరి నియమం ఒక్కటి అమలైతే పైన చెప్పిన మీటింగులు చాలామటుకు ఆగిపోతాయి.

ఆరోగ్యం పేరుతో అమ్మే పొడులు, రసాల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మందుగా వాడరాదనే హెచ్చరిక ఆ డబ్బాల మీదే ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చేతిలో పట్టుకునే షుగరు తగ్గుతుంది, బీపీ మాత్ర మానేయొచ్చు అని చెప్పేవాళ్లు ఉన్నారు. సంస్థ అనుమతించని గొప్పలు అమ్మేవాళ్లు చెప్పకూడదని 2021 నియమాలు స్పష్టంగా అంటున్నాయి. చదువుకున్నవాళ్లే ఆ పని చేస్తుంటే చదవలేనివాళ్లు ఎవరిని అడగాలి?

జిల్లా యంత్రాంగానికి నా విన్నపం ఒకటే. ఈ సంస్థల మీద నిఘాకు రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలని 2021 నియమాలు చెబుతున్నాయి. ఆ బాధ్యత మన జిల్లాలో ఏ అధికారిదో, ఏ సంస్థ పేరు ఎక్కడ సరిచూసుకోవాలో కలెక్టరేట్‌లోనూ, సచివాలయాల్లోనూ, సంఘాల సమావేశాల్లోనూ తెలుగులో రాసి పెట్టాలి. తిరిగి అమ్మడానికని సరుకు కొన్న మహిళను వినియోగదారు నిర్వచనం తన లోపలికి రానీయకపోవచ్చు గనుక, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని అందరికీ ఒకే సలహా ఇచ్చి పంపడం చాలదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చిన ఇటువంటి అర్జీలను పోలీసులు 1978 చట్టం కోణంలో కూడా చూడాలి.

ఇక మీ పత్రికకు. నిషిద్ధ పథకాల ప్రకటనలు అచ్చు వేయడం కూడా నేరమేననీ, అటువంటి ప్రకటన ఉన్న పత్రిక ప్రతులను జప్తు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉందనీ ఆ చట్టమే చెబుతున్నది. కాబట్టి ఇంటి నుంచి సంపాదన అనే ప్రకటన వచ్చినప్పుడు సంస్థ పేరు, కార్యాలయం చిరునామా, అమ్మే సరుకు ఏమిటి అనే మూడు వివరాలు లేనిదే తీసుకోవద్దని మనవి చేస్తున్నాను. ఆ ప్రకటనల పక్కనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల కోసం సైబర్ నేరాల నంబరు 1930 రోజూ ఒక చిన్న పెట్టెలో వేయగలిగితే, వాటిని కత్తిరించి మా వీధి సంఘం పుస్తకంలో అతికించే బాధ్యత నేను తీసుకుంటాను. చిరునామా ఈ ఉత్తరంతో జత చేశాను; మా చుట్టాలు కొందరు ఇంకా ఆ వరుసల్లోనే ఉన్నందున నా పేరు మాత్రం ప్రచురించవద్దు.

ఇట్లు
ఒక గృహిణి
కల్లూరు, కర్నూలు