పౌచ్‌లో ఎన్ని మిల్లీగ్రాముల నికోటినో డబ్బీ మీదే రాయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత సంక్రాంతికి ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి ఇంటికి వచ్చాడు. వాడి బ్యాగులో అరచేతిలో ఇమిడే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంది. అందులో ఉన్నవి నికోటిన్ పౌచ్‌లు, అంటే పొగాకులో ఉండే నికోటిన్ కలిపిన పొడి నింపి, పెదవికీ చిగురుకీ మధ్య పెట్టుకునే చిన్న సంచులు. మూత తీస్తే పుదీనా వాసన. పంతొమ్మిదేళ్ల మా మేనల్లుడు అందులోంచి ఒక చిన్న తెల్ల పౌచ్ తీసి, సరదాకి పెదవి కింద పెట్టుకున్నాడు. కాసేపటికే ముఖం పాలిపోయింది. చెమటలు, ఆగని ఎక్కిళ్లు, వాంతులు. ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు ముందు అడిగింది ఒకటే: "ఎంత నికోటిన్ ఉంది అందులో?" డబ్బీ నా చేతిలోనే ఉంది, చెప్పలేకపోయాను. సాయంత్రానికి పిల్లాడు తేరుకున్నాడు. నా టెన్షన్ మాత్రం తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం.

డబ్బీ మీద ఘాటు ఎంతో చూపే నాలుగు చుక్కలు, పక్కన గ్రాముకు 16 మిల్లీగ్రాములు అని ఉంది. కంగారులో ఒక్కో పౌచ్‌లో 16 అనుకున్నాం. అది పౌచ్ లెక్క కాదు, లోపలి పొడి గ్రాముకు లెక్క. మొత్తం బరువు 14 గ్రాములు, పౌచ్‌లు 20. అంటే ఒక్కోటి 0.7 గ్రాములు, అందులో నికోటిన్ 11.2 మిల్లీగ్రాములు. పిల్లాడు వాంతులు చేసుకుంటుంటే ఈ గుణకారం ఎవరికి తోస్తుంది?

అమెరికాలో బాగా అమ్ముడయ్యే జిన్ (Zyn) అనే బ్రాండు పౌచ్ డబ్బీల మీద 3, 6 మిల్లీగ్రాములు అని ఉంటాయి. అవి నేరుగా పౌచ్‌కు లెక్క. అదే గ్రాముకు 10 అని రాసిన అరగ్రాము పౌచ్‌లో ఉండేది 5 మాత్రమే. జిన్ 6 కంటే అంకె పెద్దది, నికోటిన్ తక్కువ. ఇక చుక్కలైతే ఏ కంపెనీ కొలత ఆ కంపెనీదే. ఒకరి మూడు చుక్కలు, ఇంకొకరి మూడు చుక్కలు సమానం కావు.

సిగరెట్‌తో పోల్చి ధైర్యం తెచ్చుకోవడమూ పొరపాటే. ఒక సిగరెట్ పొగాకులో 10 మిల్లీగ్రాములకు అటూఇటూగా నికోటిన్ ఉన్నా, తాగేవాడి ఒంట్లోకి చేరేది ఒకటి రెండే. పౌచ్‌లోదీ పూర్తిగా దిగదు. ఎంతసేపు ఉంచారు, లోపలి పొడి క్షారగుణం ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. వాడి పారేసిన పౌచ్‌లో కూడా నికోటిన్ మిగిలే ఉంటుంది.

మాది ప్రకాశం జిల్లా. తడి పొగాకు ఆకు కొట్టిన రోజు కూలీలకు తల తిరగడం, వాంతులు మా ఊళ్లలో అందరికీ తెలుసు. చర్మం గుండా వెళ్లిన నికోటినే అంత పని చేస్తే, చిగురు పక్కన పెట్టుకున్నది ఏం చేస్తుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మన మందుల నిబంధనల ప్రకారం, సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములు దాటితే డాక్టరు చీటీ ఉండాలి. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలి. పొగాకు ఆకు లేని ఈ డబ్బీ మీద అలాంటి బొమ్మ లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ వీటికి విడిగా నిబంధన తేవాలి. పౌచ్‌కు ఎన్ని మిల్లీగ్రాములో మూత మీద పెద్ద అంకెల్లో ఉండాలి, హెచ్చరిక తెలుగులో ఉండాలి, చుక్కలు తీసేయాలి, గరిష్ఠ పరిమితి పెట్టాలి. అమెరికా, బ్రిటన్‌లలోని తెలుగు సంఘాలు కొత్తగా వచ్చే విద్యార్థులకు ఈ లేబుల్ చదవడం ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పాలని నా మనవి.

పిల్లలు సెలవులకు వస్తే ఆ డబ్బీని చిన్నవాళ్లకు అందనంత ఎత్తులో పెట్టించండి. పసివాడు పౌచ్ నోట్లో పెట్టుకుంటే వాంతులయ్యేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. డబ్బీ కూడా వెంట తీసుకెళ్లండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు