అప్పు కాదురా, అది మనదే

ఒరే బావా,

ఆదివారం ఫోన్ ఎత్తలేదని అలిగావట. ఆ రోజు పెరట్లో కొబ్బరి దింపు. దానికి తోడు మా పిల్లకి తీసివేతల దగ్గర ఏడుపు. ఆ కబురు ఫోన్లో చెబితే తనివి తీరదని ఉత్తరమే రాస్తున్నా.

52లోంచి 27 తియ్యాలి. "రెండులోంచి ఏడు పోదు, పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని మనకి నేర్పినట్టే చెప్పాను. పిల్ల తలెత్తి "మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం నాన్నా?" అంది. ఎంత మంచి ప్రశ్నరా! మన తరగతిలో ఒక్కరం అడగలేదు.

పలక పక్కన పెట్టించి కాయల రాశి దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు కూడిక. ఒకవైపు 25 కాయలు: పదేసి చొప్పున రెండు గంపలు, కింద అయిదు. ఇంకోవైపు 27: రెండు గంపలు, కింద ఏడు. కిందవి కలిపితే 12. అందులో పది కొత్త గంపకెత్తాం. మనం 'చేతిలో ఒకటి' అనేది ఆ గంపనే. మొత్తం అయిదు గంపలు, రెండు కాయలు.

ఇప్పుడు ఆ 27 వెనక్కి ఇచ్చెయ్యమన్నా. రెండు గంపలు జరిపింది. ఏడు కాయలు కావాలి, కింద రెండే ఉన్నాయి. కాసేపు చూసి తనే ఒక గంప కుమ్మరించింది. 12లో ఏడు తీసింది. మళ్ళీ 25! ఇందాక ఎత్తిన పదే కిందకి దిగింది. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆ 'అప్పు' అనే మాటే పిల్లల్ని తికమక పెడుతోందనిపించింది.

అసలైన అప్పు వేరే ఉంది. రెండులోంచి ఏడు తీస్తే అయిదు అప్పు మిగులుతుంది. మన పాతకాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే ధనం, ఋణం అని పేర్లు పెట్టి వీటికి నియమాలు రాశాడు. సున్నాలోంచి ఋణాన్ని తీస్తే ధనమవుతుందన్నాడు. అది పిల్లకి తర్వాత చెబుతాలే.

మా అమ్మ మాత్రం తీసివేతే చెయ్యదు, ఇంకెంత కలపాలో చూస్తుంది. గోదావరి వరదప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు కదా, "ఇంకో రెండు ఎక్కితే రెండోది, ఆపైన నాలుగెక్కితే మూడోది" అంటుంది. 13.75, 17.75 సరిగ్గా వచ్చేస్తాయి. ఎంత కలిస్తే అంతవుతుందని అడగడం తీసివేతే కదరా.

పిల్ల నీకో లెక్క పంపింది: ఒక సంఖ్యకి 38 కలిపి 15 తీస్తే 60 వచ్చింది. ఆ సంఖ్యెంత మావయ్యా? జవాబు కార్డు మీద రాసి తన పేరుకే పంపు.

నీ బావ