పెద్ద కత్తికి ఒర ఇంట్లోనే చేసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం. పొదలు కొట్టే పెద్ద కత్తిని గోనెగుడ్డలో చుట్టి బండికి కట్టుకుని పోయేవాళ్లని చూస్తే గుండె ఝల్లుమంటదండి, ఎందుకంటే నా కత్తి అట్లాగే గుడ్డని కోసుకుని బయటికొచ్చి నా మోకాలి కింద దిగింది. ఒరకి పెద్ద ఖర్చేం లేదు, మిగిలిపోయిన పీవీసీ పైపు ముక్క చాలు. దాన్ని నిలువుగా ఒక పక్క కోసి వేడిగాలి ఊదే హీట్ గన్‌తో మెల్లగా కాస్తే 80 డిగ్రీలు దాటాక తోలులా వంగుద్ది, అప్పుడు పలకలా పరిచి, కత్తికి రెండు మూడు పొరలు పేపర్ చుట్టి, దానిమీద మడిచి రెండు చెక్కల మధ్య చల్లారేదాకా నొక్కి పెట్టాలి. పేపర్ తీసేశాక ఆ కాస్త సందు వల్లే కత్తి పట్టేయకుండా వస్తుంది. మడత పదును వైపే రావాలి, రెండు అంచుల్ని కలిపి బిగించే బోల్టులు వెన్ను వైపు, ఇది మాత్రం తిరగేయొద్దు. ఇంకోటి, మంటలో పెట్టొద్దు ప్లీజ్, మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, పనంతా ఆరుబయటే. కొన దగ్గర చిన్న బెజ్జం పెడితే లోపలికెళ్లిన నీళ్లు కారిపోయి తుప్పు తగ్గుద్ది. మీ పేపర్లో బొమ్మలతో సహా ఇది వేయండి సార్.

– ఒక పాఠకుడు