కౌలురైతుకు అందాల్సిన సొమ్ము నా ఖాతాలో పడింది

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బాపట్ల జిల్లాలో నాకు రెండెకరాల మాగాణి ఉంది. ఉద్యోగరీత్యా నేను ఊరు విడిచి చాలా ఏళ్లయింది. పొలం పన్నెండేళ్లుగా ఒకే కౌలురైతు చేస్తున్నాడు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నాటికి అతని సార్వా వరి కోతయి పనల మీద ఉంది. చేలో నిలిచిన నీళ్లు తీసేలోగా వెన్నులు పనల మీదే మొలకెత్తాయి. మరుసటి మార్చిలో పంట నష్టానికి ప్రభుత్వం విడుదల చేసిన పెట్టుబడి రాయితీ మాత్రం నారు పోసి నాట్లు వేయించినవాడికి కాక, ఆ ఏడాది గట్టు కూడా తొక్కని నా ఖాతాకు వచ్చింది.

ఆ సొమ్ము అతనికి ఇచ్చేశాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అసలు తప్పు నాదే. కౌలురైతుగా గుర్తింపునిచ్చే పంట సాగుదారు హక్కు పత్రం కోసం అతను నా సంతకం అడిగినప్పుడు, వచ్చే ఏడు చూద్దాంలే అని దాటవేశాను. ఏ చేలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలోనూ నా పేరే ఉండిపోయింది. కాగితంలో కౌలుదారు పేరు ఎక్కితే పొలం చేజారుతుందన్న భయం 1956 నాటి కౌలుదారీ చట్టం రోజుల నుంచి మా ఇళ్లలో ఉన్నదే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద రాసుకునే ఒప్పందం పదకొండు నెలలకేననీ, దానివల్ల భూమిపై ఎలాంటి హక్కూ సంక్రమించదనీ ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. చదువుకున్న నేనే ఇలా ఉంటే, మిగతా యజమానులను ఏమనగలం?

అప్పటి విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట పోతేనే, అదీ రెండు హెక్టార్ల వరకే, నీటివసతి గల భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు ఇచ్చేవారు. ఎకరాకు ఏడు వేలు కూడా కాదు. యజమానికి అది అనుకోకుండా కలిసొచ్చిన డబ్బు. పంట పోయినా బస్తాల లెక్కన కౌలు కొలవవలసినవాడికి అది ఎరువుల కొట్టు బాకీలో కొంత భాగం. పైగా మినుము చల్లే అదను దాటిపోయాక అందిన సాయం తరువాతి పంటకూ అక్కరకు రాలేదు.

2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలురైతులకు ఇచ్చిన రుణ అర్హత కార్డులకు యజమాని సంతకం అవసరం ఉండేది కాదు. గ్రామసభలో విచారించి కార్డు ఇచ్చేవారు. ఆ కార్డు చూసి అప్పిచ్చిన బ్యాంకులు తక్కువే అనుకోండి, అది వేరే సంగతి. కనీసం విపత్తు సాయానికైనా ఆ పద్ధతిని తిరిగి తేవాలని, చేను ఎవరు చేస్తున్నారో సరిహద్దు రైతుల సాక్ష్యంతో వీఆర్వో, వ్యవసాయ సహాయకుడు ధ్రువీకరిస్తే చాలునని ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. డబ్బు వేయకముందే సర్వే నంబరు, యజమాని పేరు, సాగుదారు పేరు పక్కపక్కనే చూపే జాబితాను రైతు సేవా కేంద్రం గోడకు అంటించి, అభ్యంతరాలకు వారం గడువు ఇవ్వండి. నాలాంటి వారు "ఈ పంట నాది కాదు" అని రాసిచ్చి, సొమ్మును సాగుదారు ఖాతాకు మళ్లించే వీలు కూడా కల్పించండి. ఆ మార్చిలో నేను అలా రాసివ్వాలనుకున్నాను గానీ, అందుకు దరఖాస్తు ఫారమే లేదన్నారు.

భవదీయుడు,
బాపట్ల జిల్లాకు చెందిన ఒక భూయజమాని